ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్ అండ్ ద వే అవుట్

విక్టోరియా రాణి కాలపు నిరుపేదల ఉద్ధరణకు సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ 1890లో వెలువరించిన గ్రంథం ఇది. రచనలో పత్రికా సంపాదకుడు డబ్ల్యు. టి. స్టెడ్ చేయి ఉంది. దేశ జనాభాలో పదో వంతు, సుమారు 30 లక్షల మంది, కూడూ గూడూ లేక మునిగిపోతున్నారని బూత్ లెక్కగట్టాడు. లండన్ వీధిలో బండిగుర్రం కూలబడితే ఎందుకు పడిందని ఎవరూ విచారణ చేయరు, ముందు లేపుతారు. దానికి మేత, కొట్టం, పని ఉంటాయి. మనిషికి కనీసం అంతపాటి హామీ ఉండాలన్నాడు. పుస్తకానికి ప్రాణం ఈ వాదమే. బలహీనత పరిష్కారంలో ఉంది: నగరంలో ఆశ్రయం, పల్లెలో వ్యవసాయ కాలనీ, సముద్రాల అవతల వలస కాలనీ. మూడింటా పెత్తనం సంస్థదే. శాస్త్రవేత్త హక్స్‌లీ అప్పుడే దీన్ని తీవ్రంగా విమర్శించాడు.

ఆ విమర్శ ఎంత న్యాయమైనదో తెలుగునేల చూపింది. బూత్ అల్లుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ 1882లోనే సాల్వేషన్ ఆర్మీని భారతదేశానికి తెచ్చాడు. 1911లో నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానికి వర్తించాక, నేటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురంలో 1913లో ఎరుకల వారికి సెటిల్‌మెంటు వెలసింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీయే. ఇంగ్లండులో ఈ సంస్థే నడిపిన హాడ్లీ వ్యవసాయ కాలనీలోని పేదవాడు ఇష్టం లేకపోతే వెళ్లిపోగలిగేవాడు. స్టువర్టుపురంలో హాజరు పలకాల్సి వచ్చేది, పాసు లేనిదే పొలిమేర దాటనిచ్చేవారు కాదు.

చట్టం 1871 నాటిది, పుస్తకాన్ని తప్పుపట్టడమేమిటని అడగవచ్చు. నిజమే, చట్టాన్ని బూత్ రాయలేదు. కానీ పేదను క్రమశిక్షణతో బాగుచేయవచ్చన్న అతని నమూనా ఆ చట్టానికి అతికినట్టు సరిపోయింది. అక్కడ భూమి, బడి, వైద్యం అందాయి కదా అంటే, అదీ కాదనలేం. అయితే బడికి పాసు ఎందుకు? ఎరుకల వారు పశువుల మీద ఉప్పు, ధాన్యం మోసి అమ్ముకుని బతికేవారు. రైళ్లు, సర్కారు ఉప్పు విధానం ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుదెరువు పోగొట్టిన పాలనను వదిలేసి, పోగొట్టుకున్న వారికి నడవడి నేర్పడం సంస్కరణ అనిపించుకోదు. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. ఈ గ్రంథాన్ని చదివే తెలుగువారు స్టువర్టుపురం చరిత్రను కూడా పక్కన పెట్టుకుని చదవాలి.