గుంటూరు–ప్రకాశం సీమ, తెలుగు సినిమా
గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానం తెలుగు సినిమాకు కళాకారులను, ప్రేక్షకులను, వ్యవసాయ మిగులు నుంచి పెట్టుబడిని అందించిన ప్రాంతం. తెలుగు టాకీలు 1932లో 'భక్త ప్రహ్లాద'తో మొదలయ్యాయి. జమీందారీ పీడనను చిత్రించిన 'రైతుబిడ్డ' (1939)కు అప్పాపురం వాసి కొసరాజు రాఘవయ్య చౌదరి పాటలు రాశారు; పొలం పలుకుబడి వెండితెరకెక్కడంలో ఈ చిత్రానిది విశిష్ట స్థానం. తెనాలికి చెందిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి నడిపిన విజయా సంస్థ 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) నిర్మించింది. రెండో చిత్రంలో శశిరేఖగా నటించిన సావిత్రి స్వగ్రామం చిర్రావూరు. నటుడు కొంగర జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ప్రకాశం ప్రాంత అభ్యుదయ ధోరణి మాదాల రంగారావు 'యువతరం కదిలింది' (1980), టి. కృష్ణ 'నేటి భారతం' (1983) చిత్రాల్లో ప్రస్ఫుటం. పంపిణీ వ్యాపారంలో గుంటూరు ప్రత్యేక ఏరియా. పత్తి తీతల కాలంలో వచ్చే సంక్రాంతి ప్రధాన విడుదల సీజన్.