సముద్రపు జమాఖర్చులలో వైరసు

సముద్రజలములో తేలియాడు వృక్షప్లవకములు విడివిడిగా మన కంటికి ఆనవు. అయినను భూమిపై జరుగు కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగము వానిదే. చిరుచేప మొదలు తిమింగిలము వరకు కడలి ప్రాణులకు మూలాహారము అవియే. ఈ సంపద ఎట్లు పెరుగును, ఎట్లు తరుగును అను లెక్కకు చిత్రమైన చరిత్ర కలదు.

ఆ చరిత్ర చేపల అంగడిలో మొదలైనది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఏడ్రియాటిక్ సముద్రములో చేపలవేట తగ్గెను. ఆనాటి అంగడి లెక్కలలో, ఇతర చేపలను తిని బ్రతుకు సొరచేపల వంటి వాని పాలు పెరిగినట్లు ఉంబెర్తో దాంకోనా గమనించెను. కారణమేమని ఇటలీ గణితవేత్త వీటో వోల్తెరాను అడిగెను. 1926లో వోల్తెరా ఇచ్చిన సమాధానము రెండు సమీకరణములు. ఆహారము పెరిగిన భక్షకుడు పెరుగును. భక్షకుడు పెరిగిన ఆహారము తరుగును. అంతట భక్షకుడును తరుగును. అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ లోట్కా 1925లోనే ఇట్టి సమీకరణములను ప్రకటించి యుండెను.

తరువాతి శాస్త్రజ్ఞులు ప్లవకముల లెక్కను ఈ త్రోవనే కట్టిరి. వెలుతురు, పోషకలవణములు జమ. జంతుప్లవకముల మేత ఖర్చు. వైరసునకు ఆ పద్దులో చోటు దాదాపు లేకుండెను.

1989లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సహజ జలములలో మిల్లీలీటరు ఒక్కింటికి 25 కోట్ల వరకు వైరసు కణములున్నవని ప్రకటించిరి. వైరసులు వృక్షప్లవకములకు సోకి ఉత్పత్తిని తగ్గించునని మరుసటి ఏడే కర్టిస్ సటిల్ బృందము చూపెను. 1994లో బెల్‌ట్రామి, కారల్ అను వారు వైరసును సమీకరణములలో చేర్చిరి. సుద్దపొలుసులు గల ఎమిలియానియా హక్స్‌లేయి అను ప్లవకము విరివిగా పెరిగి సముద్రమును పాలవలె తెల్లబరచి, అంతలోనే అంతరించుటకు వైరసు ఒక ముఖ్యకారణమని నేడు మనకు తెలియును.

బెర్గెనుకే చెందిన ఫ్రెడే తింగ్‌స్టాడ్, బాక్టీరియాల విషయమై 1990 దశకములో మరొక నమూనా నిర్మించెను. గెలిచినవానినే కొట్టుట అందలి సూత్రము. గుంపు చిక్కబడిన జాతికే అంటు త్వరగా వ్యాపించును. అది కూలినచో వెనుకబడిన జాతులకు చోటు దొరకును.

ఇక చచ్చిన కణము ఏమగును? అది పగిలి నీట కరగును. చేపల నోటికి చేరవలసిన ఆహారములో కొంత బాక్టీరియాల పాలగును. అయితే అందలి పోషకములు మరల నీటిలో కలిసి క్రొత్త ప్లవకములను పెంచును. ఆ కణములోని బొగ్గుపదార్థములో ఎంత గాలికి తిరిగివచ్చును, ఎంత సముద్రపుటడుగునకు దిగును అను ప్రశ్న వాతావరణపు లెక్కలకు ప్రధానమైనది. ఒక్క పద్దు విడిచినచో మొత్తము తప్పునని మన ఇంటి లెక్కలే చెప్పును. సముద్రపు లెక్కకును అదే నియమము.