పెంటకుప్ప పోయింది, పురుగు పరాయిదైంది

తొలకరి పడిందంటే నా ఫోనుకు పురుగుల ఫొటోలు మొదలవుతాయి. "కాకా, మా వాకిట్ల గిది దొరికింది. ఏం పురుగే? కరుస్తదా?" అని. నేను పురుగుల శాస్త్రం చదివినవాణ్ని కాదు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ని. నారాయణఖేడ్ చుట్టుపక్కల ఊళ్లల్లో కొట్టాలూ పెంటకుప్పలూ తిరిగినవాణ్ని కాబట్టి ఈ పురుగుల్లో సగం నాకు ముఖపరిచయమే. విచిత్రమేమంటే, అడిగేది చిన్నపిల్లలు కాదు. నలభై, యాభై ఏళ్ల మనుషులు. వాళ్ల నాయనలు ఈ ప్రశ్న అడిగేవాళ్లు కాదు. వాళ్లకు తెలుసు.

మా తాలూకా 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి మెదక్‌లో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి. జిల్లాలు మారినా పశువులు మాత్రం అటువైపువే. బీదర్, లాతూర్ దిక్కు దేవని జాతి ఇక్కడి నల్లరేగడికి సరిపోయిన పశువు. ఒళ్లంతా తెల్లగా ఉండి మొహం నల్లగా ఉండేదాన్ని వన్నెర అంటారు, పూర్తి తెలుపుదాన్ని బాలంక్య, నల్ల మచ్చలదాన్ని షెవెర. ఎద్దు దుక్కికి, ఆవు పాలకు, రెండింటి పెండ చేనుకు. జొన్న, కంది, పత్తి పండించే ఇంటికి వాకిలి పక్కనో ఊరి బయటో పెంటకుప్ప ఉండాల్సిందే. పిల్లనిచ్చేవాళ్లు ముందు ఆ కుప్ప ఎత్తు చూసి తర్వాత ఇల్లు చూసేవాళ్లని మా అవ్వ అనేది. ఆమె కొంచెం పెంచి చెప్పే మనిషే అయినా అందులో నిజం లేకపోలేదు.

ఎండాకాలంలో పెంట తోలేటప్పుడు చూడాలి. పార పెట్టి కుప్ప తవ్వితే బొటనవేలంత లావు తెల్ల పురుగులు, గోధుమరంగు తలలతో, కొడవలిలా వంగి బయటపడేవి. బండి వెనుక కోళ్లు, కాకులు. పిల్లలు వాటిని ఏరి కోళ్లకు వేసేవాళ్లు. అవే పెరిగి వానల్లో నల్లగా, మెరుస్తూ, తల మీద వెనక్కి వంగిన ఒంటికొమ్ముతో బయటికొస్తాయి. అదే కొమ్ముపురుగు. రెండంగుళాల దాకా ఉంటుంది. కొమ్ము పెద్దదైతే మగది. కొమ్ము చిన్నదై, తోక చివర ఎర్రటి వెంట్రుకల కుచ్చు ఉంటే ఆడది. రాత్రి దీపానికి వచ్చి గోడకు కొట్టుకుని దబ్బున పడేది ఇదే. మనిషిని కరవదు. దీని పగ చెట్లతోనే. కొబ్బరి, తాటి, ఈత మొవ్వలోకి తొలుచుకుపోతుంది. తర్వాత విచ్చుకున్న మట్ట కత్తెరతో కోసినట్టు కనిపిస్తే ఇది వచ్చి వెళ్లిందని గుర్తు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే దీనికి ఖడ్గమృగం పేరు పెట్టాడు. 1909లో సింహళం నుంచి రబ్బరు మొక్కల కుండీల్లో దాక్కుని సమోవా దీవులకు చేరి అక్కడి కొబ్బరి తోటలను నాశనం చేసింది. పెంటకుప్పలో తిని పెరిగిన పురుగు సముద్రం దాటడమంటే చిన్న విషయం కాదు.

కుప్పలో కనిపించిన ప్రతి తెల్లపురుగూ ఇదే అనుకోకూడదు. వేరుపురుగు వేరే. దాని తల్లి గోధుమరంగు చిన్న పురుగు. తొలివాన పడ్డ రాత్రి భూమిలోంచి లేచి వేపచెట్టు ఆకులు తింటుంది. పంట వేర్లు కొరికేది దాని పిల్ల. కొమ్ముపురుగు పిల్ల కుళ్లిన పెంట తింటుంది తప్ప పైరు జోలికి పోదు. ఈ తేడా తెలియక రైతులు మందులకు డబ్బులు పోయడం చూశాను.

ఇక పెండపురుగు. మొహం పారలా వెడల్పుగా, ముందుకాళ్లు రంపపు పళ్లతో ఉంటే అనుమానం అక్కర్లేదు. వాటిల్లో పెద్దన్నలాంటిది హెలియోకోప్రిస్. దాదాపు రెండంగుళాలు ఉంటుంది. మన దేశంలో దొరికే ఒక రకానికి 1775లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ పేరు పెట్టాడు. ఆడది భూమిలో లోతుగా బొరియ చేసి, పెండను పెద్ద ఉండలు కట్టి, పైన మట్టి పూత పూసి, లోపల గుడ్డు పెడుతుంది. పూత ఎండితే రాయిలా గట్టిపడుతుంది. దేశంలో ఒకచోట తవ్వకాల్లో ఇలాంటి ఉండలు దొరికితే పాతకాలపు ఫిరంగి గుండ్లు అనుకున్నారట! బీదర్ కోట పక్కన పుట్టి పెరిగిన మాకు ఆ పొరపాటు అర్థమవుతుంది.

ఫాబ్రీసియస్‌కు ఇక్కడి పురుగులు పంపినవాళ్లలో కోనిగ్ ఒకడు. ఇద్దరూ లిన్నేయస్ శిష్యులే. కోనిగ్ 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వచ్చి, మొక్కలూ పురుగులూ పోగుచేస్తూ తిరిగి, 1785లో కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. ఆ తర్వాత బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన గిల్బర్ట్ యారో కొమ్ముపురుగుల జాతి గురించి 1910లో, పెండపురుగుల గురించి 1931లో పుస్తకాలు రాశాడు. 1916లో కలకత్తాలో జూలాజికల్ సర్వే ఏర్పడింది. ఇదంతా గొప్ప పనే. కాదనను. కాని ఆ పుస్తకాలు రాస్తున్న రోజుల్లో ఇక్కడ పశువులు కాసే పిల్లవాడు కాళ్లు చూసి పెండపురుగు, కొమ్ము చూసి కొమ్ముపురుగు, తుమ్మచెట్టు మీద పచ్చగా మెరిస్తే జీరంగి అని చెప్పేవాడు. జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు మేపని పిల్లలు నా ఈడువాళ్లలో తక్కువ. వాళ్ల పరిజ్ఞానం ఎవరూ రాసుకోలేదు, అంతే తేడా.

ఆ పరిజ్ఞానం పోయింది ఎట్లాగంటే, ఎద్దు పోయింది. ట్రాక్టరు వచ్చింది. యూరియా సంచి వచ్చాక కుప్ప అవసరం తగ్గింది. వాకిళ్లకు సిమెంటు పోశారు. ఇందులో మా పశువైద్యం చేయి కూడా ఉంది. 1981 నుంచి ప్రపంచంలో పశువుల పరాన్నజీవులకు ఐవర్‌మెక్టిన్ వాడుతున్నారు. దాన్ని కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. మంచి మందే. కాని అది పెండలో బయటికి వస్తుంది, ఆ పెండ తిన్న పెండపురుగు పిల్లలు చచ్చిపోతాయి. పశువుకు సూది వేసేవాళ్లం, పెండ గురించి ఆలోచించేవాళ్లం కాదు.

పెండపురుగు లేకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాను అడగాలి. 1788లో అక్కడికి పశువులు చేరాయి. అక్కడి పెండపురుగులేమో కంగారూల పెంటకు అలవాటుపడ్డవి. ఆవు పెండ తీయలేకపోయాయి. మైదానాలు ఎండిన పెండతో, ఈగలతో నిండాయి. చివరికి 1960ల్లో బోర్నెమిస్సా అనే శాస్త్రవేత్త చొరవతో ఆఫ్రికా పెండపురుగులను తెప్పించుకోవలసి వచ్చింది. మనకు ఊరికే దొరికినదాన్ని వాళ్లు ఖర్చుపెట్టి కొనితెచ్చుకున్నారు.

ఈమధ్య నాకొచ్చే ఫొటోల్లో ఎక్కువగా ఉండేది మాత్రం పెంటకుప్పది కాదు. నల్లటి ఒళ్లు, సన్నటి నడుము, పొడుగు కాళ్లు, మీద ఆరు తెల్లచుక్కలు: ముందు రెండు, వెనక నాలుగు. దీనికీ ఫాబ్రీసియసే 1775లో పేరు పెట్టాడు. ఎగరలేదు, నేల మీద పరుగెత్తుతుంది, వేరే పురుగులను పట్టి తింటుంది కాబట్టి చేనుకు మేలే. అయితే బెదిరిస్తే వెనకనుంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. కంట్లో పడితే భరించలేని మంట. పిల్లలను మొహం పెట్టి చూడనివ్వకండి, చేత్తో పట్టకండి, చెప్పుతో కొట్టకండి. చీపురుతో చేటలోకి ఎక్కించి గోడ అవతల వదలండి. ఒకవేళ కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకు ఫొటో తర్వాత పంపొచ్చు.