కొటియా కొండల లెక్క

సాలూరు దాటి కోరాపుట్ రోడ్డు పట్టుకుంటే పి.కోనవలస దగ్గర ఘాటీ మొదలవుతుంది. లారీలు మొదటి గేరులో మూలుగుతూ సుంకి వైపు ఎక్కుతాయి. ఆ రోడ్డు మీద ఆంధ్రా ఎక్కడ అయిపోతుందో, ఒడిశా ఎక్కడ మొదలవుతుందో మా ఊరి క్లీనరు కుర్రాడు కూడా చెప్పేస్తాడు. రోడ్డు వదిలి కొండల్లోకి తిరిగితే మాత్రం కలెక్టర్లూ చెప్పలేరు. ఆఫీసు కాగితాల్లో వాటి పేరు కొటియా గ్రూపు గ్రామాలు. ఒడిశా లెక్కలో అది కోరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని పంచాయతీ. మన లెక్కలో సాలూరు మండలం. నిన్నమొన్నటిదాకా విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. మొత్తం 28 ఊళ్ళలో 21 ఊళ్ళ మీద తగాదా. దేశాల మధ్య కొండ సరిహద్దు తగాదాలు మనం పేపర్లలో చాలా చదువుతాం. ఇది ఒకే దేశంలో, మా ఊరి సంతకి పసుపు, చింతపండు, కొండచీపుర్లు దిగే దారిలో ఉంది.

1936కి ముందు ఈ గొడవకి చోటే లేదు. సాలూరు, పాచిపెంట, జయపురం సంస్థానం, అన్నీ మద్రాసు రాజధానిలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. 1839 చట్టంతో కొండ ప్రాంతాన్ని ఏజెన్సీ అని విడదీసి, కలెక్టరునే ఏజెంటుగా పెట్టారు. మైదానంలో నడిచే కోర్టులూ చట్టాలూ అక్కడ నడవవు. భూమి కొలతలు కూడా మైదానానికి జరిగినట్టు అక్కడ జరగలేదు. అలాంటి నేల మీద 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం పుట్టింది. జయపురం ప్రాంతమంతా కోరాపుట్ జిల్లాగా అటు వెళ్ళింది. ఉత్తర్వులో హద్దు రాశారు గాని ఈ 21 ఊళ్ళకి సర్వే లేదు. సర్వే లేని ఊరికి పటంలో ఎటైనా చోటు దొరుకుతుంది. అసలు తప్పు అక్కడుందని నా లెక్క. తరవాత వచ్చిన ప్రభుత్వాలన్నీ ఆ తప్పు మీదే కాగితాలు పేర్చుకుంటూ పోయాయి.

గీత గీసినంత మాత్రాన మనుషులు విడిపోలేదనుకోండి. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ సంస్థానం ఒరిస్సాలోకి పోయాక కూడా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఏటా లక్ష రూపాయల విరాళం ఇచ్చాడు. కొండల మీద కువి మాట్లాడేవాళ్ళున్నారు, కొండదొరలున్నారు, జాతాపులున్నారు. బేరానికి దేశియా ఒడియా, తెలుగు రెండూ వాడతారు. భాషాప్రయుక్త రాష్ట్రాల తూనిక ఈ కొండల్లో పనిచెయ్యదు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మద్రాసు వాటా తగాదా మనకి సంక్రమించింది. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ఏడే యథాతథ స్థితి కొనసాగించమన్నారు. కేసు 38 ఏళ్ళు నడిచింది. చివరికి 2006లో, రాజ్యాంగం 131వ అధికరణం కింద ఈ దావా నిలవదని కొట్టేశారు. ఊళ్ళు ఎవరివో మాత్రం తేలలేదు. అప్పటి నుంచీ ఇద్దరూ యథాతథ స్థితి అంటూనే, ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్నారు.

ఆ పని ఎలా ఉంటుందో సంతలో ఒకసారి చూశాను. పసుపు కొమ్ములు అమ్ముకునే ఒక ముసలమ్మ డబ్బులు దాచుకోవడానికి కొంగుముడి విప్పింది. అందులో ప్లాస్టిక్ కవరు, కవరులో కార్డులు. ఒక రేషను కార్డు మీద తెలుగు అక్షరాలు, ఇంకో దాని మీద గుండ్రటి ఒడియా అక్షరాలు. ఓటరు కార్డులూ రెండే. తడవకుండా కవరు నోటికి రబ్బరు బ్యాండు.

"ఏటప్పా, ఇన్ని కార్డులు?" అన్నాను.

"ఇద్దరూ ఇచ్చినారు బాబూ. ఒద్దంటామేటి?" అని మళ్ళీ ముడేసుకుంది.

ఆ మాటలో మోసం వెతకడం మైదానపు బుద్ధి. ఇటు వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి 4,000. అటు మధుబాబు పింఛను అదే ఏడు వెయ్యికి పెరిగింది. ఈ తేడా కొండ మీద అందరికీ తెలుసు. అటువాళ్ళు రోడ్డు, ఆసుపత్రి, పోలీసు స్టేషను, హాస్టలు కట్టి పట్టు చూపించుకుంటారు. ఇటువాళ్ళు పింఛను, బియ్యం చూపిస్తారు. కొండల్లో మాంగనీసు, బాక్సైటు ఉన్నాయన్న మాట కూడా ఎప్పటినుంచో నడుస్తోంది. ఈ పట్టుదలంతా గిరిజనుల మీద ప్రేమే అనుకోవడానికి అది కాస్త అడ్డొస్తుంది.

2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రం గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరుల్లో పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఇది కోర్టు ధిక్కారమని ఒడిశా మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో వాళ్ళూ తమ పంచాయతీ ఎన్నికలు జరుపుకున్నారు. మధ్యలో 2021 నవంబరు 9న అప్పటి ముఖ్యమంత్రులు జగన్మోహన్‌రెడ్డి, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చుని, ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామన్నారు. 2024 మే 13న సాలూరుకీ పొట్టంగికీ ఒకే రోజు పోలింగు వచ్చింది. అరకు ఎంపీ సీటుకీ కోరాపుట్ ఎంపీ సీటుకీ ఒకే కొండ మీంచి ఓట్లు అడిగారు.

రెండు ప్రభుత్వాలు పోటీ పడటంలో కొండవాళ్ళకి లాభం లేదనను. ఒక్క ప్రభుత్వమే ఉన్న పక్క కొండల్లో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీ కట్టి గెడ్డలు దాటిస్తున్నారు. కానీ పింఛను వేరు, భూమి వేరు. పోడు కొట్టి చోళ్ళు, సామలు పండించుకునేవాడికి ఈ రోజు ఏ రాష్ట్రం పట్టా ఇచ్చినా, రేపు ఊరు అటు తేలితే ఇటు కాగితం చెల్లుతుందా? బ్యాంకు అడిగే ప్రశ్న అదే. రెండు కార్డులున్నవాడి దగ్గర దానికి జవాబుండదు.

హద్దు మార్చే అధికారం 3వ అధికరణం కింద పార్లమెంటుది. బిల్లు పెట్టేముందు రాష్ట్రపతి సంబంధిత శాసనసభల అభిప్రాయం అడగాలని అందులో ఉంది. ఆ ఊళ్ళని అడగమని లేదు. అడగకూడదనీ లేదు. ముందు రెండు రాష్ట్రాలూ కలిసి ఆ 21 ఊళ్ళ భూమి సర్వే చేయించాలి. తరవాత ఊరూరా గ్రామసభ పెట్టి, వాళ్ళ మాట రాసుకుని, ఆ కాగితం ఢిల్లీకి పంపాలి. సాలూరు నుంచి అమరావతి వెళ్ళే మన ప్రజాప్రతినిధులు ఈ రెండు పనులూ అక్కడ అడగాలి.