దుబాయి: ముత్యముల రేవు

మన పల్లెలలో దుబాయి పేరు విననివారు లేరు. కరీంనగరము, నిజామాబాదు ప్రాంతములందు ఒకఁడు కువైటునకుఁ బోయినను, మస్కటునకుఁ బోయినను 'దుబాయి పోయినాఁడు' అనుటయే వాడుక. పేరింత పరిచితమయ్యును ఆ యూరి చరిత్ర మనలోఁ జాలమందికిఁ దెలియదు. నేనును యాత్రికుఁడనై యచ్చటికిఁ బోవువఱకు ఎఱుఁగను. దానికిఁ జరిత్రయే లేదనియు, నేలనూనె యమ్మిన ధనముతో ఇసుకలో నిన్న మొన్న మొలచిన పట్టణమనియు బడిపిల్లలకు అనేక సంవత్సరములు బోధించితిని. అది తప్పని నేఁడు ఒప్పుకొనుచున్నాను.

మొదటిదినమున అందఱివలెనే బుర్జు ఖలీఫా యను సౌధమును జూడఁబోయితిని. 2010వ సంవత్సరము జనవరి 4వ తేదీన దానికిఁ బ్రారంభోత్సవము జరిగినది. ఎత్తు 828 మీటర్లు. లిఫ్టులో నిలుచున్న నొక్క నిమిషమునకు 124వ అంతస్తు చేరుదుము. ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క ఇసుక, నడుమ పెట్టెలు పేర్చినట్లు మేడలు. చూచితిని, దిగితిని. అంతకంటె దానిగుఱించి చెప్పవలసినది నాకుఁ దోఁచుట లేదు.

రెండవదినమున రేవునకుఁ బోయితిని. సముద్రమునుండి యొక పాయ చీలి నగరములోనికిఁ జొచ్చి వచ్చినది. అరబ్బులు దానిని 'ఖోర్' అందురు. చూపునకు నదివలె నుండును గాని నీరు ఉప్పు. ఒక గట్టున దేరా, వేఱొక గట్టున బర్ దుబాయి. నడుమ 'అబ్రా' అను చిన్న పడవలు నడచును. రేవు దాటుటకు నేనిచ్చినది ఒక దిర్హము మాత్రమే. సౌధపు టిక్కెట్టునకు ఎంతయో చెల్లించితిని గాని, ఆ యొక్క దిర్హమునకుఁ గనఁబడిన చరిత్ర అచ్చటఁ గనఁబడలేదు.

1833వ సంవత్సరమున అబూదాబినుండి బనీయాస్ తెగలోని యొక శాఖవారు, ఇంచుమించు 800 మంది, తమ పెద్దలతోఁ గలహించి యీ రేవునకు వచ్చి స్థిరపడిరి. వారి నాయకులలో మక్తూమ్ బిన్ బుత్తీ యొకఁడు. ఆయన వంశమువారే నేఁటికిని బ్రభువులు. వారు వచ్చునాఁటికే యిచ్చట అల్ ఫహీదీ కోట యుండెను. దాని గోడలు పగడపురాతివి. సామాన్యులవి ఖర్జూరపుమట్టల గుడిసెలు. తరువాతఁ బారసీక వర్తకులు వచ్చి, ఇంటి కప్పుపై నలుదిక్కుల గాలిని బట్టి లోపలికి దింపు గోపురములతో ఇండ్లు కట్టుకొనిరి. మన యాలయద్వారములకు గాలిగోపురములని పేరు మాత్రమే గాని, ఈ గాలిగోపురములు నిజముగా గాలిని బట్టును. గ్రీష్మములో నొక దానిక్రింద నిలిచి చూచి మఱి చెప్పుచున్నాను.

ఈ తీరమునకును మన దేశమునకును గల సంబంధము మన మనుకొనుదానికంటె దగ్గఱిది. 1820లో ఆంగ్లేయులు ఈ తీరప్రభువులతో సంధి చేసికొనిరి. ఆ వ్యవహారము 1947 వఱకు హిందూదేశ ప్రభుత్వముద్వారా నడచెను. 1909లో దుబాయిలోఁ దెఱచిన తపాలా కచేరి మన తపాలాశాఖదే. అచ్చట చెల్లునాణెము మన రూపాయి. ఆ రూపాయలతో బంగారము దొంగచాటుగా మన దేశమునకు వచ్చుచుండుటచే, 1959లో రిజర్వు బ్యాంకు ఆ తీరమునకు వేఱు నోట్లు ముద్రించెను. 1966లో మన రూపాయి విలువ తగ్గింపఁబడఁగానే వారు దానిని విడిచిరి. దిర్హము 1973లో వచ్చినది.

ఇఁక ముత్యముల మాట. స్వాతివాన చినుకు చిప్పలోఁ బడి ముత్యమగునని మన పెద్దలు చెప్పిరి. పారసీక కవులును ఇట్టి మాటయే చెప్పిరి. సముద్రములోనికి దిగువాని కథ మాత్రము ఇంత సుకుమారమైనది కాదు. వేసవి నాలుగు నెలలును ముత్యముల ఋతువు. తెల్లవాఱినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు ముక్కునకుఁ గొమ్ముతోఁ జేసిన పట్టుకఱ్ఱ తగిలించి, కాలికి ఱాయి కట్టి, మెడలో బుట్ట వ్రేలాడవేసికొని దిగుట. ఊపిరి యున్నంత సేపు చిప్పలు ఏఱుట. త్రాడు గుంజినచోఁ బైనున్నవాఁడు లాగుట. ఇట్లు దినమునకుఁ బదులకొలఁది మునుకలు. చిప్పలన్నియు ఒక్క కుప్పగాఁ బోసి మఱునాఁడుదయమున విప్పుచుండిరి. కావున ఎవఁడు తెచ్చిన చిప్పలో ముత్యము దొరకెనో ఎవనికిని దెలియకుండెడిది.

ఋతువునకు ముందే నావనాయకుఁడు, అనఁగా నాఖుదా, ఇంటిఖర్చునకై మునుఁగువానికి బయానా ఇచ్చుచుండెను. ఋతువు చివర లెక్క చూచినచోఁ దఱచుగా నది తీఱకుండెడిది. మిగిలినది మఱుసటి యేఁటికి. తండ్రి పోయినచో నది కొడుకుల మెడకుఁ జుట్టుకొనుటయుఁ గలదు. నాఖుదా తాను వర్తకునికి ఋణపడి యుండును. ఆ వర్తకులలో మన దేశమువారును గలరు. ముత్యములు బొంబాయి చేరి యచ్చట వెల కట్టఁబడుచుండెను. మన జమీందారుల కంఠహారములు చూచి మురిసినవారము. ఆ హారముల వెనుక నిట్టి పద్దుపుస్తక మొకటి యున్నదని నాకు ఎవరును జెప్పలేదు.

1893లో జపానుదేశపు మికిమోటో కోకిచి చిప్పలచే ముత్యములను బండించు నుపాయము సాధించెను. అవి అంగళ్లకు విరివిగా వచ్చునాఁటికే 1929 నాఁటి ప్రపంచపు ఆర్థికసంక్షోభమును దాపురించినది. ముత్యముల వ్యాపారము కూలినది, తీరమంతటను దారిద్ర్యము. 1958లోఁ బ్రభుత్వమునకు వచ్చిన షేక్ రాషిద్, ఇసుక మేటవేసి పూడుచున్న ఖోరును ద్రవ్వింపఁ దలచెను. సొమ్ము లేదు. కువైటునొద్ద అప్పు తెచ్చి త్రవ్వించెను. నేలనూనె దొరకినది ఆ పిమ్మట, 1966లో. నూనెకంటె ముందు రేవు! నా పాఠములోని తప్పు ఇచ్చటనే యున్నది. తక్కినది మీరు పత్రికలలోఁ జదివినదే: 1971లో సమాఖ్య, 1972లో రాషిద్ రేవు, 1979లో జబల్ అలీ రేవు, 1985లో విమానసంస్థ.

ఇవియన్నియుఁ గట్టిన చేతులు హిందూదేశము, పాకిస్తాను, బంగ్లాదేశము, నేపాలములనుండి వచ్చినవి. 1983 నాఁటి చట్టము, పరదేశమునకుఁ గూలీలను బంపువానికి సర్కారు అనుమతిపత్రము ఉండవలెనని విధించినది. అయినను అది లేనివాని చేతిలో వడ్డీకిఁ దెచ్చిన సొమ్ము పోసి విమానమెక్కినవారిని మీ గ్రామములందే మీరెఱుఁగుదురు. పొమ్మని సంతకము చేసిన పెద్దలలో నేనును నొకఁడను. ఒక శిష్యుని తండ్రి పొలము తాకట్టుపత్రమునకు సాక్షిగా నిలిచితిని. అప్పుడు నాకు నాఖుదా మాట తెలియదు.

సాయంకాలము మరల అబ్రా యెక్కితిని. ప్రక్కఁ గూర్చున్నతఁడు నా పంచెకట్టు చూచి, "ఏ ఊరు తాతా మీది?" అని తెలుఁగున నడిగెను. జగిత్యాల దాపున పల్లె యఁట. పదునెనిమిదేండ్లనుండి యిచ్చటనే పని. మొదటి రెండేండ్ల జీతము అప్పులవానికే పోయినదని నవ్వుచుఁ జెప్పినాఁడు. నేను చూచినవన్నియు నడిగినాఁడు. ఆ పెద్ద సౌధము నెక్కితివా యని నేనడిగితిని.

"కట్టేటప్పుడు ఎక్కిన తాతా. టిక్కెట్టు కొని ఎక్కలె."

పడవ ఆవలిగట్టు చేరినది. నేను సంచిలోఁ జిల్లర వెదకుచుండఁగానే నా దిర్హమును గూడ అతఁడే యిచ్చినాఁడు.