కాలవ పెంచిన కొట్లు

విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837 నాటికి గోదావరి సీమ ఇంకా నందన కరువు దెబ్బ నుంచి తేరుకోలేదు. పల్లెవాళ్లకు అంగడంటే వారపు సంతే. ధాన్యం కొలిచి ఉప్పూ మిరపా తెచ్చుకునేవారు. సరుకు ఊరు దాటితే దారి పొడుగునా సుంకం చౌకీలు. మద్రాసు ప్రభుత్వం ఆ సుంకాలను 1844లో ఎత్తేసింది. సరిగ్గా అదే ఏడు ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో నేత కార్మికులు చందాలేసుకుని సహకార దుకాణం తెరిచారు. అక్కడ కొట్టుకు గిరాకీ మిల్లు కూలి నుంచి వచ్చింది. మనకు కాలవ నుంచి వచ్చింది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా వచ్చే గోదావరి కాలవా, బెజవాడ నుంచి వచ్చే కృష్ణా కాలవా ఏలూరులో కలిశాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు చెబితే మనకు పంటే గుర్తొస్తుంది గానీ, ఆయన పడవల కోసం కూడా అంతే పట్టుపట్టాడు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టున తాడు పట్టి లాగే మనుషులు. ధాన్యం, బెల్లం, పొగాకు పోయేవి. ఉప్పు, ఇనుము, సీమగుడ్డలు దిగేవి. చేతిలో నాలుగు డబ్బులాడుతున్న రైతు సంత రోజు దాకా ఎందుకాగుతాడు? 1866లో ఏలూరుకు మునిసిపాలిటీ వచ్చేనాటికి బజారు రోజూ తెరిచే బజారు.

లండన్ వీధుల్లో అప్పుడు అద్దాల కిటికీల మోజు. మన షావుకారుకు అరుగే కొట్టు. వెనక ఇల్లు, ముందు బియ్యం బస్తాలు, దూలానికి వేలాడే త్రాసు, ఎదురుగా చిట్టా ఆవర్జాలు. కుంచంతో కొలిచేటప్పుడు మొదటిదాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. బోణీ బేరం పోగొట్టుకోడు, కొసరు లేకుండా ఆడవాళ్లు కదలరు. అరువు మాత్రం కోతల దాకా. నా లెక్కలో ఆ కొట్టు సగం దుకాణం, సగం బ్యాంకు. వడ్డీ ధరలోనే కలిసిపోయేది. తర్వాత కిరసనాయిలు వచ్చి ఆముదం దీపాన్ని తోసేసింది. ఖాళీ డబ్బాను కూడా ఎవరూ పారేయలేదు, పప్పులు పోసుకున్నారు.

ఏలూరు సరుకు సముద్రాలూ దాటింది. ఇక్కడి ముస్లిం నేతగాళ్ల ఉన్ని తివాచీలు 1851 లండన్ మహా ప్రదర్శనకు వెళ్లి మెప్పు పొందాయి. ఆ మెప్పే ముప్పయింది. బయటి వర్తకులు చౌకగా, త్వరగా కావాలనేసరికి చెట్టు రంగుల చోట రసాయన రంగులు దిగాయి, నేత పలచబడింది. ఏలూరు పేరు నిలిచింది, పనితనం తగ్గింది.

కొల్లేటి లంకల దాకా ఈ కొట్లు రాలేదు. అక్కడివాళ్లే దోనెల మీద చేపలు తెచ్చి ధాన్యం, నూనె పట్టుకెళ్లేవారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరే వాళ్ల పెద్ద బజారు. 1882లో మణుగుకు రెండు రూపాయలకు దిగిన ఉప్పు పన్ను 1888లో మళ్లీ రెండున్నరకు ఎక్కింది. చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టేవాడికి అది ఎంత భారమో చెప్పనక్కర్లేదు.

1893లో బెజవాడ నుంచి కొవ్వూరు దాకా రైలు పడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. పడవ ఒక్కసారిగా పోలేదు గానీ, తొందర సరుకు రైలెక్కింది. తాడేపల్లిగూడేనికి కాలవతో పాటు స్టేషను కూడా దక్కింది. తర్వాతి కాలంలో అక్కడ ఉల్లి, బెల్లం మార్కెట్లు పెరగడానికి అదే ఊతం.

దొరలు రాసిన జిల్లా మాన్యువళ్లలో శిస్తు, సుంకం లెక్కలు దొరుకుతాయి. ఎవరు ఏం కొన్నారో, ఎంత అరువు పెట్టారో షావుకార్ల చిట్టాల్లోనే ఉంటుంది. మీ ఇంటి అటక మీద అలాంటివి ఉంటే పాత కాగితాలవాడికి తూకానికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికో కళాశాల చరిత్ర శాఖకో చూపించండి.