పాత జీపు గేర్‌బాక్సు, క్లచ్ పునరుద్ధరణ

విల్లీస్ సంస్థ 1953లో ప్రవేశపెట్టిన సీజే-3బి జీపును భారతదేశంలో మహీంద్రా సంస్థ దశాబ్దాల పాటు తయారు చేసింది. దీని మూల నమూనాలో టి-90 గేర్‌బాక్సు ఉంటుంది. ముందుకు నడిపే గేర్లు మూడు. మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. కనుక బండి కదులుతుండగా దానిని వేస్తే పళ్ళు అరుగుతాయి.

విప్పేటప్పుడు: కౌంటర్ షాఫ్టును తీసేచోట క్లస్టర్ గేరు పొడవుకు సరిపడే డమ్మీ షాఫ్టును చొప్పించాలి. లేనిచో లోపలి సూది రోలర్లు రాలిపోతాయి.

క్లచ్: ప్లేటు ఒక్కటే మార్చడం చాలదు. ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు ముఖం, క్రాంక్ షాఫ్టు చివరి పైలట్ బుష్ పరీక్షించాలి. బుష్ అరిగితే ఇన్‌పుట్ షాఫ్టు ఊగి కొత్త బేరింగులను సైతం చెరుపుతుంది. ప్లేటును సరిగా మధ్యకు చేర్చిన తరువాతనే బోల్టులు బిగించాలి.

జాగ్రత్త: పాత ప్లేటు ధూళిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. గాలితో ఊదితే అది ఊపిరితిత్తులకు చేరుతుంది, తడిగుడ్డతోనే తుడవాలి.

నూనె: సింక్రో రింగులు ఇత్తడివి కనుక జీఎల్-4 తరగతికి చెందిన 90 నంబరు గేర్ ఆయిల్ శ్రేయస్కరం. చివరగా క్లచ్ పెడల్‌కు సుమారు అంగుళం వదులు ఉంచాలి. అది లేకుంటే రిలీజ్ బేరింగు నిరంతరం ఒరుసుకొని, కొత్త క్లచ్ కూడా త్వరలోనే కాలిపోతుంది.